కాగితానికి తగలని త్రిఫున్

ఏమండోయ్, మిమ్మల్నే! పిస్టల్ పట్టుకున్న ప్రతివాడూ సినిమా హీరోయే అనుకునే బాపతు కదూ మీరు? అయితే త్రిఫున్‌ని చూడలేదన్నమాట. ఏడు నెలలుగా ప్రతి గురువారం పది తూటాలు కాలుస్తున్నాడు. పది మీటర్ల దూరంలో అరచేయంత కాగితం, దాని మధ్యలో నల్లచుక్క. ఆ కాగితానికి ఇంతవరకూ ఒక్క చిల్లు పడితే ఒట్టు.

"ఒరేయ్ త్రిఫున్, ఆ కాగితం నీకేమైనా చుట్టమట్రా? అంత మర్యాదగా తప్పుకుని పోతున్నావు?" అన్నాడు రదోయ్కో, తీగ లాగి కాగితాన్ని దగ్గరికి రప్పించుకుంటూ.

"చెయ్యి వణుకుతోంది మాస్టారూ."

రదోయ్కోకి డెబ్భై రెండేళ్ళు. మొరావా నది ఒడ్డునున్న ఆ ఊళ్ళో, కళాభవనం కింద నేలమాళిగలో నలభై ఏళ్ళుగా పిస్టల్ కాల్చడం నేర్పుతున్నాడు. ఒకప్పుడు ముప్ఫై మంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఒక్కడు.

తలుపు మీద మునిసిపాలిటీ నోటీసు వేలాడుతోంది. గడువు దాటాక కొత్తవాళ్ళని చేర్చుకోకూడదు. చేరినవాళ్ళలో చివరివాడు పరీక్ష పాసైన రోజున గది ఖాళీ చెయ్యాలి. ఊరంతా చదివిన నోటీసే అది.

సరిగ్గా గడువుకి ఆఖరిరోజున మెట్లు దిగి వచ్చాడు త్రిఫున్. లారీ తోలి తోలి నడుం పోయి మానేసిన మనిషి.

"చచ్చేలోగా ఒక్కసారి ఆ నల్లచుక్కకి చిల్లు పెట్టాలి మాస్టారూ. కాకపోతే డబ్బుల్లేవు."

"ఉన్నవాడు ఈ బొరియలోకి ఎందుకొస్తాడయ్యా! పిస్టల్ కొనకు, క్లబ్బుది వాడుకో. చెవులకి ఆ పాత మూతలు చాలు. తూటాల్లో ఇదిగో, ఈ చిన్నది అన్నిటికంటే చవక. వారానికి పదే కాల్చు. మిగతా రోజులు నీళ్ళసీసా పట్టుకుని చెయ్యి చాచి నిలబడు. ఖర్చుండదు. సిగ్గు మాత్రం వదులుకోవాలి."

సలహాలన్నీ నిజమే. మోసం వేరేచోట ఉంది. ఆ మర్నాడే రదోయ్కో చిన్న సుత్తి తీసి, పిస్టల్ వెనకుండే గురిపట్టీని కాస్త పక్కకి జరగ్గొట్టాడు. ఇక చుక్కకి ఎంత సరిగ్గా గురిపెట్టినా తూటా కాగితం దాటి ఎడమపక్కకి పోతుంది. త్రిఫున్ పాసవడు. గది పోదు.

వయసులో ఉండగా ఇలాంటి కొంటెపని చేస్తే వారం రోజులు పడీపడీ నవ్వేవాడు. ఈసారి నవ్వు రాలేదు. కానీ ఏం చేస్తాడు? భార్య పోయాక ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకునేది గురువారం ఒక్కరోజే. ఈ గది కూడా పోతే గురువారమూ లేదు.

పరీక్ష పెట్టడానికి మునిసిపాలిటీ నుంచి సావ్కా అనే ఆవిడ వచ్చేది. మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ సున్నా.

"ఈయన ఎదురుగా గోడని నిలబెట్టినా తప్పించుకుంటుందండీ," అంది మూడోసారి, కాగితం తిప్పి చూస్తూ.

త్రిఫున్ తల వంచుకున్నాడు. రదోయ్కో ఇంకా కిందికి వంచుకున్నాడు.

మొన్న సోమవారం రొట్టెల కొట్లో నిలబడి బూరెక్ అనే పొరల రొట్టె తింటున్నాడు రదోయ్కో. ఎదురుగా బస్టాపు. అక్కడ త్రిఫున్ నీళ్ళసీసా పట్టుకుని, చెయ్యి చాచి, ఒంటికన్ను మూసి నిలబడ్డాడు. పక్కన ఆడవాళ్ళు మూతికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

బస్సొచ్చింది. "ఎక్కవా?" అని అరిచాడు డ్రైవరు.

"నడిచిపోతాలే. ఆ డబ్బులకి తూటాలొస్తాయి!"

రదోయ్కో తినడం ఆపేశాడు. చేతిలోది కాగితంలో చుట్టి జేబులో కుక్కుకున్నాడు.

గురువారం పొద్దున్నే గది తెరిచి, గురిపట్టీని యథాస్థానానికి కొట్టేశాడు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు, సావ్కా రాగానే ఇచ్చెయ్యడానికి. గోడల మీది పాత ఫోటోలు కూడా దింపేసి అట్టపెట్టెలో సర్దాడు.

సావ్కా వచ్చింది. త్రిఫున్ వచ్చాడు.

"ఇవాళ నీదేరా నాయనా," అన్నాడు రదోయ్కో. "ఊపిరి బిగబట్టి, చుక్క కిందికి గురిపెట్టి, మెల్లగా నొక్కు. అంతే."

పది తూటాలు పేలాయి. తీగ లాగారు. కాగితం తెల్లగా నవ్వుతూ వచ్చింది.

"సున్నా," అంది సావ్కా. ఆవలించి, రాసుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

త్రిఫున్ చెవుల మూతలు మేకుకి తగిలించాడు. "అయితే మాస్టారూ, వచ్చే గురువారం తలుపు తెరిచే ఉంటుందిగా?"

"ఉంటుందిలే, పో," అన్నాడు రదోయ్కో. ఆయనకి తల తిరిగిపోతోంది. గురిపట్టీ సరిగా కొట్టలేదా? చెయ్యి పోయిందా? కన్ను పోయిందా? త్రిఫున్ మెట్లెక్కేదాకా ఆగి, తనే పిస్టల్ తీసి ఒక తూటా కాల్చాడు. చుక్క మధ్యలో పడింది.

పిస్టల్లో లోపం లేదు. మరి ఆ పదీ ఎక్కడికి పోయినట్టు?

అక్కడ దీపం వెలుగు కాగితం మీద మాత్రమే పడుతుంది, చుట్టూరా చీకటి. ఏడు నెలల్లో ఎప్పుడూ అటు వెళ్ళాల్సిన అవసరం రాలేదు. టార్చి పట్టుకుని మొదటిసారి వెళ్ళాడు. కాగితానికి ఎడమపక్క లావుపాటి చెక్క దూలం ఉంది. దాన్ని పైనుంచి కింది వరకూ చేత్తో తడిమాడు.

ఆ దూలం మొత్తానికి చిల్లు ఒక్కటే ఉంది, బొటనవేలు దూరేంత. ఏడు నెలల తూటాలూ, గురిపట్టీ సరిచేశాక కాల్చిన ఇవాళ్టి పదీ, అన్నీ అందులోనే ఉన్నాయి.