ఎనిమిది కలాలు

"నూనె పెట్టొద్దన్నరత్తా! తల పొడిగ ఉండాలని కాంపౌండరు మరీ మరీ చెప్పిండు."

"ఏడు నెలల సంది పెడుతున్న. ఇయ్యాల ఒక్కనాడు మానితే మిషిన్ సంబురపడతదా?"

"మిషిన్ సంగతేమో గని, డాక్టరు మనల ఎల్లగొడతడు."

"రెండో తరగతి సదివినందుకే గింత పెత్తనమా?"

కోడలు పుష్పమ్మ అత్త కౌసల్యమ్మ చేతిలోని గిన్నె గుంజుకుంది. నువ్వుల నూనె గడప మీద ఒలికింది. అప్పటికే మామ సోమయ్య తల సగం తడిసింది. పుష్పమ్మ కుంకుడు రసంతో రెండుసార్లు రుద్ది కడిగింది. రసం కళ్లలో పడి ఎర్రబడ్డా సోమయ్య అమ్మా అనలేదు.

ఏడు నెలల కింద ఓ తెల్లవారుజామున ఆయన పశువుల కొట్టంలో తల పగిలి పడి ఉన్నాడు. అప్పటి నుంచి మాట లేదు, కదలిక లేదు. గంజి పోస్తే మింగుతాడు. అంతే.

ఆ ముందు రోజే అదే ఊళ్లోని చాంద్ పాషా ఆయనతో పోట్లాడాడు. దుక్కికి తానిచ్చిన ఎద్దు కుంటుతూ తిరిగొచ్చిందని అతని కోపం. "నీ నెత్తి పలగ్గొడ్త" అన్న మాట ఊరంతా విన్నది. ఊరంతా అదే సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు చాంద్ పాషా జైల్లో ఉన్నాడు. ఎల్లుండే సంగారెడ్డి కోర్టులో ఆఖరు పేషీ.

తండ్రి ఒక్క సైగ చేసినా చాలునని కొడుకు కిష్టప్ప ఆశ. మెదడులో పుట్టే కరెంటును కాగితం మీద గీసే యంత్రం పట్నంలోని పెద్దాసుపత్రికి వచ్చిందని విన్నాడు. పటాన్‌చెరు దాకా ఎడ్లబండి మీద, అక్కడి నుంచి లారీలో, మంచంతో సహా తండ్రిని తీసుకుపోయాడు.

డాక్టరు కిందటేడే గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. సోమయ్య తల మీద జిగురు రాసి వెండి బిళ్లలు అతికించాడు. వాటి తీగలు యంత్రంలోకి వెళ్లాయి. జరిగే కాగితం మీద ఎనిమిది కలాలు సన్నగా గీతలు గీయసాగాయి.

కళ్ల ముందు దీపం వెలిగించి ఆర్పారు. చెవి దగ్గర గంట కొట్టారు. అరికాల్లో సూది గుచ్చారు. ప్రతిసారీ గీతలు కాస్త చెదిరి, మళ్లీ కుదురుకున్నాయి.

"వింటున్నాడు. నొప్పి కూడా తెలుస్తోంది" అన్నాడు డాక్టరు.

కౌసల్యమ్మ గోడకు ఆనుకుంది. "అన్నీ తెలుస్తున్నయా సారు?"

"ఒంట్లో కదలిక లేదు కానీ లోపల మనిషి ఉన్నాడమ్మా."

కిష్టప్ప ముందుకొచ్చాడు. తండ్రి చెవిలో "చాంద్ పాషా" అన్నాడు. గీతలు చెదిరాయి.

"సూసిండ్రా సార్, ఎట్ల ఉలిక్కిపడ్డడో!"

"గంటకీ అంతే కదిలాయయ్యా. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ పిలవండి."

కిష్టప్ప "బాపూ" అన్నాడు. పుష్పమ్మ "మామా" అంది. గీతలు పెద్దగా మారలేదు.

"మీరూ పిలవండమ్మా. పేరు పెట్టి."

పుష్పమ్మకు నవ్వొచ్చింది. "మొగని పేరు మా అత్త ఎట్లంటది సార్? ముప్పై ఏండ్ల సంది అనలే."

పేరే కాదు. ఈ ఏడు నెలల్లో కౌసల్యమ్మ మొగుడి దగ్గర నోరు విప్పిందే లేదు. స్నానం, గంజి, పక్క మార్చడం అన్నీ తనే చేసింది. ఎన్నడో బావి దగ్గర పడి విరిగిందని అందరికీ చెప్పుకున్న ఎడమ చెయ్యి సరిగా వంగకపోయినా, ఆ పని మరొకరికి ఇవ్వలేదు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందని ఊళ్లో ఆడవాళ్లు చెప్పుకున్నారు.

"ఏదో ఒకటి అనండమ్మా" అన్నాడు డాక్టరు.

ఆమె వంగింది. "ఓ కిష్టప్ప బాపూ..."

ఎనిమిది కలాలూ ఒక్కసారి ఎగిరాయి. గీత మీద గీత పడి కాగితం నల్లబడింది. ఒక కలం సిరా చిమ్మింది. ఎంతసేపటికీ అవి కుదురుకోలేదు. సోమయ్య కంటి కొసన నీటిచుక్క నిలిచింది.

"చూశారా! ఆయన ప్రాణమంతా మీ మీదే ఉందమ్మా" అన్నాడు డాక్టరు. "రోజూ మీరే దగ్గర కూర్చుని మాట్లాడండి. మీ చేత్తోనే తినిపించండి."

పుష్పమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కౌసల్యమ్మ ఆ నల్లబడ్డ కాగితాన్ని చూస్తూ నిలబడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. కౌసల్యమ్మ గంజి గిన్నె కోడలి చేతికిచ్చింది. "ఇగ నువ్వే పొయ్యి."

"ఏందత్తా, మామతోని మాట్లాడనీకి సిగ్గయితుందా?" అంటూ పుష్పమ్మ నవ్వుతూ వెళ్లి గంజి పోసొచ్చింది.

ముగ్గురూ జొన్నరొట్టెల ముందు కూర్చున్నారు. కిష్టప్ప హుషారుగా ఉన్నాడు.

"రేపు పేషీల చెప్త. వాని పేరు వినంగనే బాపు ఉలిక్కిపడ్డడని. వాడు ఇగ జైలు నుంచి పీనుగై రావాలె."

"డాక్టరు గట్ల చెప్పలేదు గద" అంది పుష్పమ్మ.

"నా కండ్లతోని సూసిన. నువ్వు ఊకో."

కౌసల్యమ్మ రొట్టె తుంచలేదు. సరిగా వంగని ఎడమ చేతిని నిమురుకుంటూ, "రేపు నేను గూడ సంగారెడ్డి వస్త" అంది.

"నువ్వెందుకవ్వా? ఎండల పరేషాన్."

"జడ్జిసాబ్ ముంగట నిలవడి చెప్పాలె."

"ఏం చెప్తవు?"

"ఆ పొద్దు కొట్టంల మీ బాపు నెత్తి మీద రోకలి ఏసింది నేనని."