గోరింక గొంతు కోసం

ఆ అడవిలో గండుపిల్లి ఎక్కడ పొంచి ఉందో గోరింక గొంతెత్తి అందరికీ చెప్పేది. అది గిట్టని పిల్లి ఒకరోజు దాని రెక్క విరిచేసింది. వడ్రంగిపిట్ట గోరింకను తన తొర్రలో దాచి, సాయం అడుగుతూ ఉడత గూటికి వచ్చింది.

“గింజలుంటే ఇవ్వు వదినా, వారానికి గుప్పెడైనా చాలు. లేదంటే ఒక పూట కాపలా ఉండు. భయమైతే పేరు చెప్పకుండా తొర్ర కింద పెట్టి వెళ్లు,” అంది.

ఉడత గూటి నిండా గింజలే. కానీ పిల్లి కంట పడితే తన పిల్లలేమవుతారోనని దానికి దిగులు. “వానలు తగ్గాక చూద్దాంలే వదినా,” అంది.

మిగతావాళ్లూ అదే మాటన్నారు. ముసురులో వడ్రంగిపిట్టకూ మేత దొరకలేదు. నాలుగో రోజున గోరింక ఆకలితో చచ్చిపోయింది.

ఆ మర్నాడే పిల్లి చెట్టెక్కి ఉడత పెద్దకూతుర్ని ఎత్తుకుపోయింది. అది వస్తోందని ఎవరూ అరవలేదు.

ఉడత ఏడుస్తూ గింజలన్నీ తొర్ర దగ్గరికి మోసుకొచ్చింది.

“ఇవి ఇప్పుడెవరికి వదినా?” అంది వడ్రంగిపిట్ట.

“ఇకమీద అరిచేవాళ్లకి.”

“ఆ పనికి ఇంకా ఎవరూ రాలేదు.”

“ఎవరో ఒకరు వస్తారు, ఉంచు,” అని ఉడత మిగిలిన పిల్లల దగ్గరికి పరుగెత్తింది.