తీగలు తీసిన వయొలిన్

"తీగలు తీసేసిన వయొలిన్ వాయించమంటారా మేడమ్? చూసి నవ్వుతారు," అన్నాడు ఎమిల్.

"నవ్వనీ. నేనేడవాలి," అంది కొరిన్, అతని పెదాలకేసే చూస్తూ. "ముందా కళ్ళజోడు తియ్. వెలుగులోకొచ్చి నాకెదురుగా నిలబడు."

సినిమాలకు మాటలు రాని రోజుల్లో, ఆమె ఏడ్చే సీనుందంటే కెమెరా పక్కన నిలబడి వాయించడమే ఎమిల్ ఉద్యోగం. హాలీవుడ్‌లో పెద్ద తారలకు అలా ఒకడుండేవాడు. అతను వాయించేది ఎప్పుడూ ఒకటే జోలపాట. ఫ్లూలో పోయిన తన కూతురు లోటీ ఆ పాటకే నిద్రపోయేది. కొరిన్ కన్నీళ్ళకు సగం దేశం జేబురుమాళ్ళు తడుపుకునేది. అదంతా తన కమాను మహిమేనని ఎమిల్‌కు లోలోపల కాస్త గర్వం.

తర్వాత మైకులొచ్చాయి. సెట్లో చీమ చిటుక్కుమనడానికి వీల్లేదు. ఎమిల్ స్టూడియో గేటు కాపలాకు మారాడు. కొరిన్ ఇంట్లో కూర్చుంది.

రెండేళ్ళకు దొరికింది ఈ తల్లి వేషం. కొడుకు చావు కబురు ఉత్తరంలో చదివి ఏడవాలి, అంతే. ఒక్క మాటయినా లేదు. పొద్దుట్నుంచి ఆరు టేకులయ్యాయి. చుక్క రాలలేదు. చివరికి గేటు దగ్గర్నుంచి ఎమిల్‌ను పిలిపించింది, మైకుకు వినబడకుండా తీగలు తీసేసిన వయొలిన్‌తో.

"భోజనాల వేళకి ఏడవకపోతే వేషం ఇంకొకరికిచ్చేస్తా," అన్నాడు కుర్ర దర్శకుడు ప్రెస్టన్, ఆమె వీపు వెనకే. "లేదా ఓ ఉల్లిపాయ తెప్పించండి."

ఆమె తిరిగైనా చూడలేదు.

"ఇంకా మహారాణిననే అనుకుంటోంది," గొణిగాడు లైట్లవాడు.

టేకు మొదలని గంట మోగింది. కొరిన్ కదల్లేదు. ఎమిల్ కమానెత్తాకే ఉత్తరం విప్పింది. చప్పుడు లేని కర్ర మీద చప్పుడు లేని జోలపాట. సగంలో లోటీ గుర్తొచ్చి, ఎప్పట్లాగే, అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా నలిగిపోయింది. కొరిన్ చెంపల మీద నీళ్ళు ధారకట్టాయి. ప్రెస్టన్ "కట్" అని అరిచినా ఆగలేదు. ఎమిల్ కమాను దించాకే ఆగాయి.

వేషం నిలిచింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ తన గదివైపు నడిచింది. ఇన్నేళ్ళూ దాచుకున్నది చెప్పెయ్యాలనిపించింది ఎమిల్‌కు.

"మేడమ్! ఆ పాట నా కూతురిది," అన్నాడు వెనకనుంచి.

ఆమె ఆగలేదు.

"చచ్చిపోయింది మేడమ్. ఆరేళ్ళ పిల్ల..."

తలుపు మూసుకుంది.

"పాపం అని ఒక్క మాటంటే ఏం పోయేది?" అన్నాడు ఎమిల్.

మొదటి సినిమా నుంచీ కొరిన్‌కు మేకప్ వేస్తున్న టిల్లీ అతని చెయ్యి పట్టుకుంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చెవిలో చెప్పింది.

"సినిమాల్లోకి రాకముందే ఆవిడకు చెవులు పోయాయి."