తొలి కోత

హరిచందన వంకాయను కొమ్మకు దారంతో కట్టింది. ముడిని ఆకు చాటుకు తిప్పి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. అచ్చం కాసినట్టే ఉంది. ఆమెకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది.

"ఇంకా మిగిలాయి. కరివేపాకు చెట్టుకు కూడా కట్టనా?" అన్నాడు భర్త అనిరుధ్, సంచీ చూపిస్తూ.

"నవ్వకండి. నాకసలే తల కొట్టేసినట్టుంది."

అతను నవ్వు ఆపుకున్నాడు. తెలిసినవాళ్ళ కంటపడకూడదని పొద్దున్నే అంబర్‌పేట్ దాకా వెళ్ళి ఆ వంకాయలు కొనుక్కొచ్చింది అతనే.

నాచారంలో మిద్దె తోట పెంచేవాళ్ళలో హరిచందనను ఎరగనివాళ్ళు లేరు. వాళ్ళ వాట్సాప్ గ్రూపు నడిపేది ఆమే. ఏ కార్తెలో ఏం విత్తాలో ఆమె చెప్పాలి, మిగతావాళ్ళు విత్తాలి. ఈ ఎండాకాలమూ చెప్పింది. రోహిణి కార్తె రాకముందే కుండీల మీద షేడ్ నెట్ కట్టండి. నీళ్ళు తెల్లవారుతుండగానే పోసెయ్యండి, ఎండెక్కాక పొయ్యకండి. ఇంటి ముందు లాన్ ఉన్నవాళ్ళు గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించకండి, వేరు మాడిపోతుంది. అందరూ బుద్ధిగా అలాగే చేశారు. చెయ్యనిది ఆమె ఒక్కతే.

పిన్ని కూతురి పెళ్ళికని విజయవాడ బయల్దేరిన హడావుడిలో నెట్ మెట్ల కిందే చుట్టగా ఉండిపోయింది. గ్రూపులో పెట్టే ఫోటోలో అందంగా కనబడాలని లాన్ మాత్రం నున్నగా కత్తిరించి మరీ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గడ్డి ఎండి గుల్లయింది. టమాటాలు చచ్చాయి. వంగ మొక్కలు మళ్ళీ ఆకులైతే వేశాయిగానీ, ఆ వేడికి పూతంతా రాలిపోయింది. ఒక్క పిందె లేదు.

అందరూ కలిసి ఒకరి తోట చూడ్డానికి వెళ్ళే ఆదివారం సరిగ్గా ఇప్పుడే ఆమె వంతుకొచ్చింది.

ఆ గ్రూపుకో ఆచారం ఉంది. ఎవరి మిద్దెకు వెళితే అక్కడ తొలి కాయ ఉప్పలమ్మ కొయ్యాలి. అందరిలోకీ ఆమే పెద్దది. తరతరాలుగా ఉప్పల్‌లో కూరగాయలు పండించిన కుటుంబం. ఆ పొలాల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి, ఆమెకు మిగిలింది ఓ మిద్దె. అయినా వారం వారం గ్రూపులో ఆమె పెట్టే కోత ఫోటో చూస్తే అందరికీ కళ్ళు కుట్టేవి.

ఆమె నోటికి జంకు కూడా లేదు. పోయిన నెల నాగోల్‌లో బిందుమాధవి ఇంటికి వెళ్ళినప్పుడు బెండాకు నలిపి వాసన చూసి, "దీనికి మందు కొట్టినవ్" అని, పురుగుమందు వాడకూడదన్న నియమమున్న ఆ గ్రూపులో అందరి ముందే అనేసింది. బిందుమాధవి ఆ సాయంత్రమే గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఉద్యోగం మానేశాక హరిచందనకు నలుగురిలో ఉన్న మర్యాదంతా ఈ గ్రూపు వల్ల వచ్చిందే. ఇదీ పోతే ఆమె ఎవరికీ మొహం చూపించలేదు.

అందరూ వచ్చారు. గోపాలరావు గారు వంగ మొక్కల ముందు నిలబడిపోయారు.

"మాకు పూతే నిలవలేదమ్మా. ఎంతైనా మీ చెయ్యి మంచిది."

హరిచందన తల దించుకుంది. అది వినయమనుకుని ఆయన ఇంకాస్త మెచ్చుకున్నారు. ఆమెకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

ఉప్పలమ్మ కత్తెర పట్టుకుని నేరుగా కాయ దగ్గరికే వచ్చింది.

"వాటిని విత్తనానికి ఉంచానండీ. కొయ్యొద్దు," అంది హరిచందన. ముందే అనుకుని పెట్టుకున్న మాట అది.

"ఇత్తనానికా? గింత లేతయా? ఇత్తనపు కాయ పసుపు రంగు తిరిగి పండాలె గద బిడ్డా."

అందరూ నవ్వారు. గ్రూపులో అందరికీ ఆ సంగతి చెప్పింది కూడా హరిచందనే.

ఉప్పలమ్మ తొడిమ పట్టుకుంది. కత్తెర పెట్టబోయి ఆగింది. వేలితో ఆకు కింద తడిమింది. అనిరుధ్ పిట్టగోడ వైపు తిరిగి, పనేదో ఉన్నట్టు రోడ్డు మీదకి చూడసాగాడు.

ఉప్పలమ్మ ఒకసారి హరిచందన మొహంలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"పిల్ల చెప్పినట్టు ఇత్తనానికే ఉండనియ్యున్రి. ఎండ మస్తున్నది, మీరంత కిందికి నడువున్రి. నేను జర ఈమెతోని మాట్లాడొస్త."

అందరూ కబుర్లాడుకుంటూ దిగారు. టిఫిన్లు పెట్టాలంటూ అనిరుధ్ కూడా జారుకున్నాడు.

మిద్దె మీద ఇద్దరే మిగిలారు. అందరి ముందూ కడిగేసి ఉంటే ఇంతకన్నా నయమనిపించింది హరిచందనకు.

"నా బుద్ధి గడ్డి తిందమ్మా. పరువు పోతుందని భయపడ్డాను. కిందికెళ్ళి నేనే అందరికీ చెప్పేస్తాను. ఇకనుంచి గ్రూపు మీరే చూసుకోండి. మీ చేతులతో పండించుకునేవాళ్ళు మీరు. మీరు చెబితే నలుగురూ వినడంలో అర్థముంది. నాకేం అర్హత ఉంది?"

సిగ్గుతో ఆమె కళ్ళెత్తలేకపోయింది.

ఉప్పలమ్మ మెట్ల దాకా వెళ్ళి కిందికి తొంగి చూసింది. ఎవరూ పైకి రావడం లేదని రూఢి చేసుకుంది. తిరిగొచ్చి మొక్క ముందు నిలబడింది. తనూ కళ్ళెత్తకుండానే, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"గివి ఏడ కొన్నవ్ బిడ్డా? మా మౌలాలి కూరగాయల బండాయన దగ్గర నేను తెచ్చేటియి వారం వారం ఫోటో తీసేలోపే వాడిపోతున్నయ్."