కన్ను కింది చుక్క

కథలకు బొమ్మలు గీసే బొమ్మలాయన, అచ్చయి వచ్చిన తన కొత్త పుస్తకాన్ని రబ్బరమ్మ బల్ల మీద పడేసి, "యువరాణి పుట్టుమచ్చ ఏది?" అని అడిగాడు.

రబ్బరమ్మ ఆవిడ అసలు పేరేం కాదు. ఆ పిల్లల పుస్తకాల ఆఫీసులో, అచ్చుకు వెళ్లే ముందు బొమ్మల మీది మరకలూ సిరా చుక్కలూ కంప్యూటర్లో తుడిచే పని ఆవిడది. పేలు చూసినట్టు చూస్తుంది, ఒక్కటీ వదలదు. రెక్కల గుర్రాలూ మంత్రాల కోటలూ ఉన్న ఈ బొమ్మల కథలో యువరాణి ఎడమ కన్ను కింద చుక్క కనబడితే, కలం కారిందనుకుని తుడిచేసింది. ముప్పయ్యో పేజీలోనూ చుక్క అదే చోట కనబడేసరికి అనుమానం వచ్చింది. కానీ కథలో ఎక్కడా మచ్చ మాటే లేదు. మళ్లీ మొదటి నుంచి అన్నీ పెట్టాలంటే బద్ధకమేసి, మిగతావీ తుడిచి పారేసింది.

ఇప్పుడు ఆ సంగతి మింగేసి, చుక్క లేనంత మాత్రాన యువరాణి అందానికేం లోటు రాలేదులెండి అంది. పుస్తకాలన్నీ బడులకు వెళ్లిపోయాయి కూడానంది.

బొమ్మలాయన కుర్చీలో కూలబడ్డాడు.

"మూడేళ్లప్పుడు మా పాప సంతలో నా చెయ్యి వదిలి తప్పిపోయింది. ఇప్పుడు తొమ్మిదొస్తాయి. వాళ్లమ్మ చిన్నప్పటి ఫొటో చూసి ముఖం గీశాను. అంతా ఊహేనమ్మా. మచ్చ ఒక్కటే నిజం."

తోటి పిల్లలెవరైనా గుర్తుపడతారన్న ఆశతో రెండేళ్లు కూర్చుని గీశాడట. ముందే చెప్తే, ఇది కథా, పోలీసు ప్రకటనా అని తిప్పి పంపేస్తారేమోనని నోరు మెదపలేదట.

 పిల్లల మాటలు వింటే ఆయన మనసు కాస్త తేలికపడుతుందేమోనని, పుస్తకాల వ్యాను వాళ్లు రెండు వందల బడుల నుంచి ఒకే సంచిలో పోసి తెచ్చిన, పిల్లలు పుస్తకం చదివి రాసిన చీటీల్లోంచి రబ్బరమ్మ ఒకటి తీసింది. పైకి చదివే ముందు ఒకసారి కళ్లతో చదివింది. ఆత్రంగా వెనక్కి తిప్పి చూసింది. పేరు లేదు, బడి పేరూ లేదు.

'మా క్లాసులో ఒకమ్మాయి అచ్చం మీ యువరాణిలాగే ఉంటుంది. తనని చూసే గీశారేమో అనుకున్నాను. కానీ తనకి ఎడమ కన్ను కింద పుట్టుమచ్చ ఉంది, మీ యువరాణికి లేదు. తను కాదులే అని ఎవరికీ చెప్పలేదు.'