ఏకగ్రీవంగా ఒక కోరిక

"ఫొటోలో నడుము సన్నబడుతోంది సరే, వెనకున్న తలుపు వంకరపోతోందండీ. నడుము తగ్గాలి, తలుపు మాత్రం తలుపులాగే ఉండాలి. వచ్చే అప్‌డేట్‌లో ఆ ఏర్పాటు చెయ్యండి," అంది బ్యూటీ పార్లర్ ఆవిడ.

ఫోన్ల కంపెనీ ఆఫీసులో, పై అంతస్తు మీటింగ్ గదిలో కూర్చున్న అధికారిణి ఆ తలుపు సంగతి కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఫోన్ వాడేవాళ్ళ కోరికలు వినడమే ఆమె ఉద్యోగం. అది సాయంత్రానికి ఉంటుందో ఊడుతుందో తెలియదు.

"అందరూ ఒప్పుకునే కోరిక ఒక్కటి పట్టుకురా, అప్‌డేట్‌లో పెడదాం. లేదంటే నీ విభాగం ఎత్తేస్తాను. మళ్ళీ కింద కౌంటర్‌లో నిలబడుదువు గాని," అని పై అధికారి పొద్దున్నే తేల్చి చెప్పాడు. ఆ కౌంటర్‌లో ఏళ్ళ తరబడి తిట్లు తిని పైకొచ్చిన మనిషి ఆమె. మళ్ళీ అక్కడికి దిగడమంటే చచ్చినంత పని.

అందుకే కంపెనీ పేజీలో అందరికంటే గట్టిగా అరిచేవాళ్ళను ఏరి మరీ పిలిచింది. ఫోన్లు జేబుల్లో, సంచుల్లో పెట్టుకోమని బతిమాలి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది, బిస్కెట్లిచ్చింది. బిస్కెట్లు మాత్రం ఏ గొడవా లేకుండా అయిపోయాయి.

ఇక కోరికలు. లెక్చరర్‌గారు రోజూ తెల్లవారకముందే ఊరందరికీ సూక్తులు పంపుతాడు. చదివి కూడా జవాబివ్వనివాళ్ళ పేర్లు ఫోనే బయటపెట్టాలట. బ్యాంకు గుమాస్తా బాధ వేరు. వాళ్ళ అత్తగారు మాట మొదలెట్టగానే, ఆఫీసు నుంచి కాల్ వచ్చినట్టు ఫోన్ దానంతటదే మోగాలి.

"మా అత్తగారి గొంతు దానికి నేను నేర్పించుకుంటానండీ. ఆ కష్టం మీకొద్దు," అని ఉదారంగా చెప్పాడు.

జిమ్ కోచ్‌కి వెనక్కి వెళ్ళే బటన్ ఎడమవైపు కావాలి. అటు జరిపితే ఫోన్ నేలకేసి కొడతానంది పార్లర్ ఆవిడ. కుడి అన్నవాళ్ళు కొందరు, ఎడమ అన్నవాళ్ళు కొందరు. కాసేపటికి బటన్ సంగతి పక్కకు పోయి, ఒకరి పెంపకం గురించి ఒకరు మాట్లాడుకోవడం మొదలెట్టారు. ప్రపంచాన్ని తెచ్చి అరచేతిలో పెడితే ఈ మహానుభావులకు కావలసింది ఇదీ! ఫోన్ చేస్తే అవతలివాళ్ళ మాట సరిగ్గా వినపడాలని మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

అధికారిణికి కింద కౌంటర్ కళ్ళముందు కనపడింది. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు చివరి కుర్చీలోంచి ఒక పెద్దాయన లేచాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన జుట్టు, నిదానమైన గొంతు. ఆ గదిలో అప్పటిదాకా నోరెత్తనివాడు ఆయనొక్కడే.

"చెప్పండి బాబాయ్‌గారూ. మీరు మా ఫోన్లలో ఏది వాడతారు?" అంది ఆమె నీరసంగా.

"అన్నీ వాడానమ్మా. ఏదీ నా దగ్గర వారం మించి ఉండదు."

ఆమె తలెత్తి చూసింది. ఇలాంటి కస్టమర్ ఒక్కడుంటే కంపెనీ బాగుపడును కదా అనుకుంది.

"నాకు పెద్ద కోరికలేం లేవు తల్లీ. మొన్న బస్సులో వెళ్తున్నాను. చుట్టూ జనం. ఫోన్ మోగడం మొదలెట్టింది. కట్ చేస్తే మళ్ళీ మోగుతుంది. పూర్తిగా ఆపేద్దామంటే పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆ కంగారులో పాస్‌వర్డ్ ఎక్కడ తోస్తుంది? తప్పు కొట్టేసరికి టక్కున నా మొహం ఫొటో తీసింది! బస్సులో అందరూ నన్నే చూశారు. పరువు పోయి, నా స్టాపు రాకముందే దిగేశాను."

"అయ్యో! ఎవరండీ అంతలా విసిగించింది?" అన్నాడు లెక్చరర్.

"ఎవరో ఏమో నాయనా. నాకు పరిచయమే లేదు."

"పనీపాటా లేనివాళ్ళు," అన్నాడు గుమాస్తా. అందరూ తలలూపారు.

"పాస్‌వర్డ్ భద్రత కోసం పెట్టామండీ," అని నసిగింది అధికారిణి.

"ఎవరి నుంచమ్మా భద్రత? ఫోన్ నా చేతిలోనే ఉంది కదా! చేతిలో ఉన్న వస్తువు ఆపుకోవడానికి ఇంకా ఎవర్ని అడగాలి?"

గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆ పూటకి మనిషన్నవాడు మాట్లాడిన మొదటి మాట అదే మరి. ఫోన్ ఆపడానికి పాస్‌వర్డ్ అడగకూడదు అని అధికారిణి గట్టిగా చదివి, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అంది. కుడివాళ్ళూ ఎత్తారు, ఎడమవాళ్ళూ ఎత్తారు. జిమ్ కోచ్ అయితే రెండు చేతులూ ఎత్తాడు.

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అందరూ పెద్దాయన చుట్టూ మూగారు. ఆయన గర్వం లేని మనిషి. లెక్చరర్‌ని, గుమాస్తాని, కోచ్‌ని గుండెలకు హత్తుకున్నాడు. పార్లర్ ఆవిడ సంచి జారిపోతుంటే తానే తీసి భుజానికి తగిలించాడు. అధికారిణి భుజం తట్టి, "నువ్వు చాలా పైకొస్తావు తల్లీ," అని దీవించాడు. వేరే పనుందంటూ అందరికంటే ముందు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గెలిచిన సంగతి పై అధికారి చెవిన వేద్దామని ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టేసరికి అందులో ఫోన్ లేదు, తలెత్తి చూస్తే గదిలో ప్రతి ఒక్కరూ తమ జేబులూ సంచులూ తడుముకుంటున్నారు.