పదిహేడో నంబరు చొక్కా

అరిజోనా ఎండలో వెన్‌బో మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి దిగాడు. అలా దిగినవాడి చొక్కా వెనక ముక్క కోసి, పేరు రాసి గోడకి తగిలించడం ఆ పైలట్ శిక్షణ స్కూలు ఆనవాయితీ. శిక్షకుడు హోలిస్ కత్తెర తీశాడు.

"కదలకు. చైనాలో మిమ్మల్ని పంపిన విమాన కంపెనీకి ఫొటో పంపాలి."

చొక్కా అంచున లాండ్రీవాళ్ళ సిరా నంబరు: పదిహేడు.

"నీది ఇరవై రెండు కదా?"

"ఇది పెంగ్‌ది, సార్."

కత్తెర ఆగిపోయింది. వెన్‌బోతో పాటు శిక్షణకి వచ్చిన పెంగ్‌ని ఇంటికి పంపేయమని రాసింది హోలిసే. టికెట్ వచ్చిన రోజే ఆ కుర్రాడు గదిలో ప్రాణం తీసుకున్నాడు.

"వాడూ నాలాగే ఇంకొక్క వారం అడిగాడు. మీరు నాకిచ్చారు."

హోలిస్ ముక్క కోసి, పెన్ను తీశాడు. "ఎవరి పేరు రాయను?"

"వాడిదే, సార్. పనికిరాడని రాసిన చేత్తోనే."